అసీల్ కోళ్ల పెంపకం, వాటి స్వభావం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లోనో కొబ్బరితోటలోనో నాలుగు జాతి కోళ్లు పెంచుకోవాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. జాతి కోడి అంటే ఇక్కడ అసీల్ అనే అర్థం. గోదావరి జిల్లాల్లో పందెం కోడి అని పిలిచేది దీన్నే. ఈ కోడిని ఇష్టపడటానికి పందెంతో పనిలేదు. మనిషి దగ్గర ఇంత నెమ్మదిగా, సాటి కోడి దగ్గర ఇంత కోపంగా ఉండే జాతి ఇంకోటి కనపడదు. ఈ రెండు గుణాలూ అర్థమైతే పెంపకం సగం వచ్చినట్టే.

అసీల్‌కీ మామూలు నాటు కోడికీ తేడా ఏమిటి?

నాటు కోడి అంటే ఊళ్లో తిరిగే దేశవాళీ కోళ్లన్నీ వస్తాయి. అసీల్ వాటిలో ఒక ప్రత్యేకమైన జాతి. హర్యానాలోని కర్నాల్‌లో దేశీ పశుజాతులను నమోదుచేసే జాతీయ సంస్థ ఉంది. దాని జాబితాలో అసీల్ సొంత ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్. కాళహస్తి, డంకి, ఘాగస్ అనే మన వైపు జాతులకు కూడా అందులో చోటుంది.

చూడగానే గుర్తుపట్టొచ్చు. పొడవాటి మెడ, నిటారుగా నిలబడే తీరు, బలమైన కాళ్లు, ఒంటికి అతుక్కున్నట్టుండే కురచ ఈకలు. తలమీద జుట్టు చిన్నగా, గట్టిగా ఉంటుంది. ముక్కు కింద వేలాడే ఎర్రతోళ్లు దాదాపు ఉండవు. ఎదిగిన పుంజు మూడు నుంచి అయిదు కిలోలు, పెట్ట రెండు నుంచి మూడు కిలోలు తూగుతుంది. పెరుగుదల మాత్రం చాలా నిదానం. పెట్ట గుడ్డుకు రావడానికే ఏడు నెలల దాకా పడుతుంది, పుంజు పూర్తిగా కండపట్టి నిలదొక్కుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. తొందరపడేవాళ్లకు ఇది సరిపడదు.

ఇంకో సంగతి తెలిస్తే ఈ కోడి మీద గౌరవం పెరుగుతుంది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో 19వ శతాబ్దంలో తయారైన కార్నిష్ జాతికి మూలాల్లో ఒకటి మన అసీలే. ఈ రోజు ప్రపంచమంతా తింటున్న బ్రాయిలర్ కోడికి ఆ వెడల్పాటి రొమ్ము కార్నిష్ నుంచే వచ్చింది.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. పుంజు మీదికి వస్తుందా?

మంచి చేతుల్లో పెరిగిన అసీల్ పుంజు సాధారణంగా మనుషుల మీదికి రాదు. తరతరాలుగా మనిషి చేతుల్లో పెట్టుకుని సాకిన జాతి ఇది. మనిషిని పొడిచే పుంజును పాతకాలం పెంపకందార్లు జతకట్టడానికి వాడేవారు కాదు. అందుకే చంకలో పెట్టుకున్నా, రెక్క విప్పి చూసినా, కాలికి మందు రాసినా కదలకుండా నిలబడే పుంజులు ఇందులో ఎక్కువ.

అయినా జాగ్రత్త అవసరమే. నాలుగు కిలోల పక్షికి కాలి వెనక పదునైన ముల్లు ఉంటుంది. భయపడి ఎగిరిందంటే చిన్నపిల్లల ముఖానికి తగలొచ్చు. పిల్లల్ని పుంజుల దగ్గరికి ఒంటరిగా పంపొద్దు. ముల్లు బాగా పెరిగితే దాని కొనను మాత్రం ఆకురాయితో మొద్దుగా రుద్దండి. లోపల రక్తనాళం ఉంటుంది కాబట్టి మొదలు దాకా కోయకూడదు.

మనుషుల మీదికి వచ్చే పుంజు ఉంటే ముందు కారణం వెతకండి. ఎవరైనా కర్రతో ఆటపట్టిస్తున్నారా, గూడు మరీ ఇరుకుగా ఉందా, పక్కనే ఇంకో పుంజు కనపడుతూ దాని కోపం మీ మీదికి మళ్లుతోందా? కాలితో తన్నడం, తరమడం చేస్తే మిమ్మల్నీ పోటీ పుంజుగానే లెక్కేస్తుంది. వెనక్కి పరుగెత్తకుండా అక్కడే నిలబడి, రెండు రెక్కలూ ఒంటికి ఆనేలా పట్టుకుని ఎత్తుకోండి. అది సర్దుకున్నాకే దించండి. రోజూ చేత్తో నాలుగు గింజలు తినిపించండి. చాలా పుంజులు కొన్ని వారాల్లో మారతాయి. మారని పుంజు పిల్లల్ని మాత్రం తీయొద్దు, ఆ గుణం తర్వాతి తరానికి రావడం మామూలే.

మరి సాటి కోడిని చూస్తే ఎందుకంత కోపం?

వరస కోసం కోళ్లన్నీ కొట్టుకుంటాయి. ఏది ముందు తినాలి, ఏది వెనక తినాలి అన్న వరస గుంపులో ఉంటుందని నార్వేకి చెందిన షెల్డరప్ ఎబ్ 1920ల మొదట్లోనే పరిశీలించి రాశాడు. మామూలు కోళ్లలో ఆ గొడవ త్వరగా తేలిపోతుంది. ఒకటి రెండు పోట్లకు ఒక కోడి తల దించి పక్కకు తప్పుకుంటుంది, గెలిచింది దాన్ని వదిలేస్తుంది.

అసీల్‌లో తేడా వచ్చేది ఇక్కడే. ఓడినదీ తప్పుకోదు, గెలిచినదీ ఆపదు. వెనక్కి తగ్గని పుంజులనే తరతరాలుగా మనుషులు ఎంచుకుంటూ రావడంతో ఆ లొంగిపోయే గుణం ఇందులో బాగా తగ్గిపోయింది. కాబట్టి ‘అవే సర్దుకుంటాయిలే’ అనే మాట ఈ జాతికి చెల్లదు. సర్దుకోవు. ఒకటి చచ్చేదాకానో రెండూ కళ్లు పోగొట్టుకునేదాకానో వస్తుంది. దీన్ని కోడి క్రూరత్వం అనుకోవడం అన్యాయం. దాని బుద్ధిని అలా మలిచింది మనిషి, దాన్ని దెబ్బల నుంచి కాపాడే బాధ్యత కూడా మనిషిదే.

గొడవ మొదలయ్యే ముందు గుర్తులేమైనా ఉంటాయా?

ఉంటాయి. రోజూ కొంచెంసేపు ఊరికే కూర్చుని చూస్తే అవే అలవాటవుతాయి. మెడ ఈకలు గొడుగులా విచ్చుకుంటే అది సవాలు. తల కిందికి దించి ఎదుటి కోడి కళ్లలోకి చూస్తూ కదలకుండా నిలబడితే ఇంక క్షణాల్లో ఎగురుతుంది. మధ్యమధ్యలో నేలమీద లేని గింజను ఏరినట్టు పొడుస్తుంటే అది లోపలి టెన్షన్. ఒక రెక్క జార్చి పక్కవాటుగా నడవడానికి రెండు అర్థాలున్నాయి. పెట్ట చుట్టూ అలా తిరిగితే అది మోజు, ఇంకో పుంజు ముందు అలా తిరిగితే గొడవ.

మంచి గుర్తులు కూడా నేర్చుకోండి. గింజ దొరికినప్పుడు పుంజు తను తినకుండా సన్నగా కుక్కుక్కుమంటూ ముక్కుతో ఎత్తి దించుతూ పెట్టలను పిలుస్తుంది. మీరు గూటి దగ్గరికి వెళ్లినప్పుడు ఈకలు వదులుగా ఉండి, ఒక కాలిమీద నిలబడి కళ్లు సగం మూసిందంటే మీ మీద దానికి నమ్మకం కుదిరినట్టే.

పుంజు పిల్లల్ని ఎప్పుడు విడదీయాలి?

నెల, నెలన్నర వయసు నుంచే పిల్లలు ఎదురెదురుగా నిలబడి ఎగరడం మొదలుపెడతాయి. అప్పటికి అది ఆటలాగే ఉంటుంది, దెబ్బలు తగలవు. మూడో నెలలో రోజూ గమనించండి. ఏ పిల్ల ముఖం మీదైనా రక్తం కనపడినా, ఒకటి మూలన నక్కి మేతకు రాకపోయినా ఆ రోజే విడదీయండి. నాలుగో నెల దాటాక ఏ రెండు పుంజులనూ కలిపి ఉంచొద్దు. ఒక తల్లి పిల్లలే అయినా సరే. నాలుగు రోజులు వేరుగా ఉంచి మళ్లీ కలిపితే అన్నదమ్ములు కూడా కొత్తవాటిలాగే కొట్టుకుంటాయి.

పెట్టలు కూడా కొట్టుకుంటాయా?

కొట్టుకుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు దీనికే ఎక్కువ ఆశ్చర్యపోతారు. కలిసి పెరిగిన పెట్టలు మూడు నాలుగు ఒక పుంజు కింద బాగానే ఉంటాయి. కొత్త పెట్టను తెస్తేనే చిక్కు. రాత్రిపూట చీకట్లో గూట్లో కలిపేస్తే పొద్దున్నకి సర్దుకుంటాయనేది మామూలు కోళ్ల దగ్గర పనిచేసే చిట్కా. అసీల్ పెట్టల దగ్గర తెల్లారేసరికి రక్తాలు కారుతుంటాయి.

కొత్త కోడిని మూడు నాలుగు వారాలు దూరంగా ఉంచండి. జబ్బులుంటే ఈలోపు బయటపడతాయి. ఆ తర్వాత మధ్యలో జాలీ పెట్టి రెండు వారాలు ఒకదానికొకటి కనపడేలా పెట్టండి. కలిపే రోజు ఖాళీ చేతులతో కాకుండా తోటకూర కట్టలు నాలుగైదు చోట్ల వేలాడదీసి, దాక్కోవడానికి రెండు గంపలు, ఓ చెక్కపలక పెట్టి, మీరు అక్కడే ఉండండి. అయినా పడని జంటలుంటాయి. వాటిని బలవంతంగా కలపొద్దు.

కట్టేసి పెంచాలా, గంప కింద పెట్టాలా, వదిలేయాలా?

తోటల్లో పుంజు కాలికి తాడు కట్టి మేకుకు కట్టేయడం మన దగ్గర పాత పద్ధతి. చోటు తక్కువగా ఉన్నప్పుడు కొన్ని గంటలకు పర్వాలేదు గానీ నెలల తరబడి అలా ఉంచడం నాకు నచ్చదు. కాలు ఒరుసుకుపోతుంది, కుక్క వస్తే తప్పించుకోలేదు, పక్క పుంజును రోజంతా చూస్తూ తాడు లాగి లాగి అలిసిపోతుంది. గంప కూడా అంతే, కాసేపటికే.

ఒక్కో పుంజుకు కనీసం నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గది కట్టించండి. గదికీ గదికీ మధ్య కింది మూడడుగులు గోడగానీ రేకుగానీ ఉండాలి. వట్టి జాలీ అయితే దానిలోంచే పొడుచుకుని ముక్కులు చిట్లగొట్టుకుంటాయి. పై భాగం మాత్రం గాలి ఆడేలా జాలీ పెట్టొచ్చు. ఇవి బరువైన పక్షులు. ఎత్తు నుంచి పదేపదే దూకితే అరికాలిలో పుండు పడుతుంది కాబట్టి కూర్చునే కర్ర నేలకు అడుగున్నర ఎత్తులో, వెడల్పుగా ఉండాలి. నేలమీద పొడి ఇసుకో వరి ఊకో పరవండి.

రోజూ వంతుల వారీగా ఒక్కో పుంజును తన పెట్టలతో గంటో రెండు గంటలో బయట తిప్పితే దాని కోపం తగ్గుతుంది, కాళ్లకు బలం వస్తుంది. మట్టిలో పొర్లాడటం దానికి స్నానం. పేలు, గోమార్లు అలాగే వదులుతాయి. రాత్రికి మాత్రం తలుపు గట్టిగా బిగించాలి. ముంగిస, బావురుపిల్లి చిన్న సందు దొరికినా వదలవు.

రంగును బట్టి స్వభావం చెప్పొచ్చా?

మనవాళ్లు రంగుకో పేరు పెట్టారు. నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ, రెక్కల మీద పసుపు మెరిస్తే నెమలి, మెడ మీద నలుపు తెలుపు కలిస్తే పర్ల, నలుపు ఎరుపు పసుపు కలగలిస్తే కౌజు. ఇంకా మైల, పింగళ, అబ్రాసు, రసంగి అంటూ పెద్ద జాబితా ఉంది. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కోడి పంచాంగాలు కూడా సంక్రాంతికి అమ్ముడుపోతాయి.

ఈ పేర్లు కాపాడుకోవాల్సినవే, కోడిని ఎంత శ్రద్ధగా చూశారో వాటిని బట్టే తెలుస్తుంది. అయితే ఈకల రంగుకీ కోపానికీ సంబంధం లేదు. డేగలో సాధువైనదీ ఉంటుంది, సేతులో మొండిదీ ఉంటుంది. స్వభావం తెలియాలంటే దాని తల్లిదండ్రుల్ని చూడండి, ఎవరి చేతిలో పెరిగిందో అడగండి.

మేత ఏం పెట్టాలి? బాదం, ఖైమా తప్పనిసరా?

అక్కర్లేదు. అవి బరిలోకి దింపేవాళ్లు కొన్ని నెలల పాటు పెట్టేవి. పెంపుడు కోడికి పెడితే కొవ్వు పడుతుంది, అది కదలదు, పెట్టలు గుడ్డు తగ్గిస్తాయి.

పిల్లలకు మొదటి రెండు నెలలు మాంసకృత్తులు ఇరవై శాతం దాకా ఉన్న స్టార్టర్ మేత మంచిది. నూకలు, చోళ్లు (రాగులు) తోడుగా వేయొచ్చు. కుండలో పేడ, తడి గోనెసంచి ముక్కలు పెట్టి సాయంత్రం నేలమీద బోర్లిస్తే పొద్దున్నకి చెదలు పడతాయి. ఆ చెదల్ని పిల్లలు ఎగబడి తింటాయి, పాతవాళ్లు కనిపెట్టిన గొప్ప పద్ధతి అది. పెద్దవాటికి జొన్నలు, గంట్లు (సజ్జలు), వడ్లు, మొక్కజొన్న కలిపి పూటకు గుప్పెడు, మధ్యాహ్నం మునగాకో తోటకూరో నీళ్లలో పెంచే అజొల్లా నాచో. గుడ్డు పెట్టే పెట్టలకు ఆల్చిప్పల పొడి విడిగా ఓ మూకుడులో ఉంచండి. బూజు పట్టిన గింజ మాత్రం వేయకండి. బూజులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుంది?

ముప్ఫై నుంచి అరవై. గుడ్ల వ్యాపారానికి ఇది పనికిరాదు. గుడ్లే కావాలనుకుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ లాంటివి చూడండి. అసీల్ రక్తం ఉండి గుడ్లూ కావాలంటే బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్ పరిశోధన సంస్థ అసీల్‌తో సంకరపరిచిన నిర్భీక్ ఉంది.

అసీల్ పెట్ట మంచి తల్లేనా?

ఈ జాతిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తల్లి పెట్టే. పది పన్నెండు గుడ్లు పెట్టగానే గూట్లోంచి లేవనంటుంది. రోజుకొకసారి దిగి, గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, వెంటనే వెళ్లి కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులకు పిల్లలొస్తాయి. కింద తొమ్మిది నుంచి పదకొండు గుడ్లకు మించి పెట్టొద్దు. పెట్ట బరువైనది కాబట్టి ఎక్కువైతే గుడ్లు చిట్లుతాయి. ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డు వెనక టార్చి పెట్టి చూడండి. ఎర్రటి నరాలు సాలెగూడులా కనపడితే పిల్ల ఉన్నట్టు, ఏమీ లేకుండా తేటగా ఉంటే తీసేయండి.

పొదిగే చోటు మిగతా కోళ్లకు దూరంగా, వెలుతురు తక్కువగా ఉండాలి. ఇంకో పెట్ట ఆ వైపు వస్తే తల్లి గుడ్ల మీదే కలబడుతుంది, అన్నీ పగిలిపోతాయి. కూర్చోబెట్టే ముందే పెట్ట ఒంటికి పేలు లేకుండా చూసుకోండి. లేకపోతే రక్తం పోయి నీరసించి మధ్యలోనే లేచిపోతుంది.

పిల్లలొచ్చాక దాని రూపమే మారిపోతుంది. రోజూ మీ చేతిలో తిన్న పెట్టే ఇప్పుడు మీ చేతిని పొడుస్తుంది. దాన్ని తప్పుగా తీసుకోకండి. గద్ద నీడ పడగానే ఒక రకం కేక వేస్తుంది, పిల్లలన్నీ రెక్కల కిందికి దూరతాయి. కుక్క వస్తే ఇంకో రకం కేక, దానికి పిల్లలు చెదిరి పొదల్లోకి పోతాయి. పాముకీ ముంగిసకీ ఎదురు నిలబడే పెట్టలున్నాయి. వేరే తల్లి పిల్ల పొరపాటున వస్తే మాత్రం చంపేయగలదు కాబట్టి ఇద్దరు తల్లుల్ని ఒకే పెరట్లో ఒకేసారి వదలొద్దు. రెండు మూడు నెలలు తిప్పి, మళ్లీ గుడ్డుకు వచ్చే ముందు తల్లే పిల్లల్ని పొడిచి దూరం చేస్తుంది.

ఏ జబ్బులకు భయపడాలి? టీకాలు ఎప్పుడు?

ముందు కొక్కెర తెగులు. దీన్నే రాణిఖేత్ అంటారు, 1920ల చివర్లో ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ అనే ఊళ్లో గుర్తించడంతో ఆ పేరొచ్చింది. తెల్లగా, ఆకుపచ్చగా పారడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ మెలితిరగడం దాని గుర్తులు. వచ్చాక మందు లేదు, టీకా ఒక్కటే దారి. అయిదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లో లాసోటా అనే టీకా చుక్క, నాలుగో వారంలో మళ్లీ అదే, ఎనిమిదో వారంలో ఇదే తెగులుకు ఆర్‌టూబీ అనే టీకా ఇంజెక్షన్. ఆపైన ఆరు నెలలకొకసారి వేయించాలి. పద్నాలుగో రోజు గంబోరో అనే వైరస్ జబ్బుకు టీకా, ఆరో వారంలో రెక్క పొరకు మశూచి టీకా. మశూచిని దోమలు మోస్తాయి, అందుకే వానాకాలానికి ముందే వేయించండి. టీకా సీసాను ఐస్‌లో పెట్టి తెచ్చి వెంటనే వాడాలి. ఎండలో బండిమీద తెచ్చిన టీకా వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. నీరసంగా ఉన్న కోడికి టీకా వేయించొద్దు. టీకాకు రెండు వారాల ముందు నట్టల మందు పట్టించండి.

ఎండకు తట్టుకుంటుందా?

ఈకలు పలచగా, కురచగా ఉండటం వల్ల మన ఎండకు చాలా జాతులకన్నా నయం. అయినా నలభై డిగ్రీలు దాటితే నీడ, మట్టి కుండలో చల్లటి నీళ్లు, మధ్యాహ్నం గూటి పైకప్పు మీద తడి గోనెలు ఉండాల్సిందే. ఎండవేళ గింజలు వేయకండి. పొద్దున్నే, సాయంత్రమే వేయండి. ఇదే కోడికి వానలో తడిసి ఈదురుగాలి తగిలితే మాత్రం వెంటనే చలి పడుతుంది.

తెల్లారకముందే కూస్తుంది, పక్కింటివాళ్లు విసుక్కుంటున్నారు. ఏం చేయాలి?

కూత మానిపించలేం. వెలుతురు లేకపోయినా పుంజు ఒంట్లో ఉండే గడియారమే దాన్ని కూయిస్తుందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో చూపించారు. ఇంకో పుంజు కూత వింటే అది జవాబిస్తుంది కాబట్టి ఊరి మధ్య ఇంట్లో అయితే ఒక్క పుంజునే ఉంచుకోండి. గూటిని పక్కింటి పడకగదికి దూరంగా పెట్టండి. మెడకు పట్టీ బిగించే చిట్కాలు కొందరు చెబుతారు, ఊపిరాడక చచ్చిపోతుంది, ఆ జోలికి పోవద్దు.

అసీల్‌ని పెంచడం నేరమా?

కాదు. పెంచడం, పిల్లలు తీయడం, అమ్మడం, ప్రదర్శనలకు పెట్టడం అన్నీ చట్టబద్ధమే. కోళ్లను ఉసిగొల్పి కొట్లాడించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. దానిమీద డబ్బు కాయడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి జూద నిరోధక చట్టం వర్తిస్తుంది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కూడా పందేలు జరగనివ్వొద్దని ఆదేశించింది.

పందెం ఆగిపోతే ఈ జాతే ఉండదని కొందరంటారు. నేను ఒప్పుకోను. చిలకముక్కు, పొడవాటి తోక ఉన్న అసీల్‌ని కేవలం అందం కోసం పెంచి పోటీలకు తీసుకెళ్లేవాళ్లు ఇప్పుడు మన దగ్గరా, తమిళనాడులోనూ ఉన్నారు. అమెరికా పౌల్ట్రీ సంఘం 1981లో అసీల్‌ని తన ప్రామాణిక జాతుల్లో చేర్చుకుంది, అక్కడా ప్రదర్శనల కోసం పెంచుతున్నారు. కత్తి కట్టి ఒక్క రోజులో చంపుకునే పక్షి, ఇంట్లో ఉంటే ఏళ్ల తరబడి మంచి పిల్లల్ని ఇస్తుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి? ఎన్నింటితో మొదలుపెట్టాలి?

ఒక పుంజు, రెండు మూడు పెట్టలు చాలు. పెట్టలు ఒకే గుంపులో కలిసి పెరిగినవై ఉండాలి. సంక్రాంతి ముందు నెలల్లో కొనొద్దు. అప్పుడు ధర రెట్టింపు ఉంటుంది, మందులతో ఒళ్లు పెంచినవి కూడా సంతలోకి వస్తాయి. పండగ అయ్యాక, వేసవి ముదరకముందు వెళ్లండి. కళ్లు తేటగా ఉన్నాయా, ముక్కు రెండు భాగాలూ సరిగ్గా కలుస్తున్నాయా, రొమ్ము ఎముక వంకర లేకుండా ఉందా, అరికాలిలో నల్లటి గడ్డ ఉందా, అన్నీ చేత్తో పట్టుకుని చూడండి. అమ్మేవాడు ఎత్తుకున్నప్పుడు పుంజు గింజుకుంటోందా, నెమ్మదిగా ఉందా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

ఈ మధ్య పెరూ దేశపు జాతి పుంజులతో కలిపినవాటిని అసీల్ పేరుతో అమ్మడం ఎక్కువైంది. వాటి వేగం వేరు, ఒడ్డూపొడుగూ వేరు. జాతిని నిలబెట్టాలన్న కోరిక ఉంటే తల్లిదండ్రుల్ని చూపించమని అడగండి, చూపించనివాడి దగ్గర కొనకండి.

సొంతంగా పిల్లలు తీస్తూ పోతే రక్తం దగ్గరైపోదా?

అవుతుంది. తండ్రికి కూతుళ్లను, అన్నకు చెల్లెళ్లను కట్టుకుంటూ పోతే కొన్ని తరాలకు గుడ్లు మురిగిపోవడం, పిల్లలు బలహీనంగా పుట్టడం మొదలవుతుంది. నలుగురైదుగురు పెంపకందార్లు ఒక మాట మీద ఉంటే దీనికి తేలికైన దారి ఉంది. ఎవరి పెట్టలు వాళ్ల దగ్గరే ఉంచుకుని, ఏడాదికొకసారి పుంజు పిల్లల్ని మాత్రం ఒకే దిశలో మార్చుకోవాలి. మొదటి ఇంటి పుంజు రెండో ఇంటికి, రెండో ఇంటిది మూడో ఇంటికి, చివరి ఇంటిది మొదటి ఇంటికి. ప్రతి పిల్ల కాలికి రంగు ఉంగరం వేసి, ఏ తల్లికి పుట్టిందో, ఏ నెలలో పుట్టిందో, మనుషుల దగ్గర ఎలా ఉంటుందో ఓ నోటుపుస్తకంలో రాసుకోండి. తర్వాతి ఏడాది ఏ పుంజును జతకు ఉంచాలో ఆ పుస్తకం చూసే తేల్చుకోవచ్చు.